తలుపుకెదురుగా ఉన్న చోటు

కుట్టుపిన్నికి రివర్సు గేరంటే పులి. కారు ముందుకు నడపమంటే నడుపుతుంది, మలుపులు తిప్పుతుంది, ఎదురుగా లారీ వస్తే కళ్ళు మూసుకోకుండానే పక్కకు తప్పుకుంటుంది. వెనక్కి పోవాలంటే మాత్రం ఒళ్ళంతా చెమటలు పట్టేస్తాయి. ఆవిడను చూసి నవ్వేవాళ్ళు ఒక్క సంగతి ఆలోచించాలి. పెళ్ళయిన కొత్తలో అత్తగారి పక్కన కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి తల నెరిసేదాకా ఆ చక్రాన్ని ముందుకే తిప్పింది. వెనక్కి తిప్పితే దారం చిక్కుపడుతుంది. అలాంటి చేతికి వయసు మళ్ళాక స్టీరింగు ఇచ్చి వెనక్కి పొమ్మంటే ఎలా పోతుంది?

స్టీరింగు కూడా ఆవిడ ముచ్చటపడి పట్టుకున్నది కాదు. మాస్టారి కిడ్నీలు పట్టించాయి. మాస్టారంటే ఆవిడ భర్త, బళ్ళో పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పి రిటైరైన మనిషి. కిడ్నీలు చేతులెత్తేసిన దగ్గర్నుంచీ వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకోవాలి. పిల్లలు లేరు. టాక్సీవాళ్ళు వెళ్ళేటప్పుడు వస్తారు గానీ, తిరిగొచ్చేటప్పుడు ఆయన వాలకం చూసి ఎక్కించుకోవడానికి జంకుతారు. అందుకని పిన్ని ఒక పాత చిన్న కారు కొనుక్కుని, బతిమాలి లైసెన్సు తెచ్చుకుంది.

డయాలిసిస్ సెంటరు ఊరి నడిబొడ్డున, దుకాణాల వీధిలో ఉంది. దాని తలుపుకు సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతల, మున్సిపాలిటీవాళ్ళ పార్కింగు స్థలం. అందులో మూలన ఒక చోటుంది. ఒక పక్క నుంచి దూరి ఇంకో పక్క నుంచి బయటపడొచ్చు, వెనక్కి పోవాల్సిన పనే లేదు. ఆ చోటు కోసం పిన్ని పెందలాడే బయల్దేరుతుంది. అందులో ఎవరి బండైనా కనబడిందంటే ఆ పూటంతా ఆవిడ మొహం మాడిపోయి ఉంటుంది.

ఇదంతా సోకు కాదు. మిషను ఒంట్లో నీరంతా లాగేశాక మాస్టారు ఉతికి పిండిన చొక్కాలా బయటికొస్తారు. ఒకసారి రోడ్డు దాటి కారు దగ్గరికి వచ్చాక, తలుపు తీసేలోపే బీపీ పడిపోయి పిన్ని చేతుల్లోంచి జారి నేలమీద కూలబడ్డారు. కళ్ళు తేలేశారు. అదృష్టం బాగుండి సెంటరు తలుపు పక్కనే ఉంది, అరిస్తే వినబడింది, పరిగెత్తుకొచ్చారు. అదే ఇంకాస్త దూరమైతే? ఆ ప్రశ్న పిన్ని గుండెలో ముల్లులా దిగిపోయింది. అప్పట్నుంచీ ఆ రోడ్డు దాటుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టుకునే ఉంటుంది.

అలాంటి పిన్ని ఒకరోజు ఆ మూలచోట్లో కారు ఆపి దిగేసరికి ఎదురుగా కొత్త బోర్డు. ఈ స్థలంలో, ఊళ్ళో పనిచేసేవాళ్ళ కోసం తక్కువ అద్దె ఇళ్ళు కట్టాలని మున్సిపాలిటీ అనుకుంటోందట. అభ్యంతరాలుంటే సభలో చెప్పుకోవచ్చట. బళ్ళు పెట్టుకునేవాళ్ళు ఇకమీదట బస్‌స్టాండు వెనక కట్టిన మేడలో పెట్టుకోవాలట. ఆ మేడ పిన్నికి తెలుసు. పాము చుట్టుకున్నట్టు చుట్లుచుట్లుగా పైకి పోయే దారి, స్తంభానికీ స్తంభానికీ మధ్య బండి ఇరికించి, మళ్ళీ వెనక్కి తియ్యాలి. అది సరే, అక్కణ్ణుంచి సెంటరుకి మాస్టారిని ఎవరు నడిపిస్తారు? తలుపు దగ్గర దింపి తను కారు పెట్టి రావచ్చు. తిరిగెళ్ళేటప్పుడో? తను కారు తెచ్చేదాకా ఆ మనిషిని ఎవరు పట్టుకుని నిలబడతారు?

పిన్ని ఆ బోర్డును మొదట్నుంచీ మళ్ళీ ఒకసారి చదివింది.

ఆ భయాన్ని పసిగట్టినవాడు నగల షాపాయన. పార్కింగుకు ఆనుకునే ఆయన దుకాణం. బళ్ళు ఆగకపోతే గిరాకీ రాదని ఆయన బెంగ. కోటు చేతులు పొట్టి చేయించుకునే మిషతో పిన్ని ఇంటికొచ్చి, కొలతలు ఇస్తూ ఇస్తూ అసలు సంగతి తీశాడు.

"సభలో నువ్వు మాట్లాడాలి పిన్నీ."

"నేనా? నలుగురిలో నాకు నోరు పెగలదు బాబూ."

"నేను మాట్లాడితే వ్యాపారం కోసం అంటారు. నువ్వు మాస్టారి సంగతి చెబితే రాళ్ళు కూడా కరుగుతాయి. ఇంకోటి కూడా అడుగు. ఆ ఇళ్ళలోకి వచ్చేవాళ్ళెవరు? ఎలాంటివాళ్ళు? జబ్బుపడ్డ మనుషులు తిరిగే చోటు కదా."

అప్పటికి పిన్ని నోట్లో గుండుసూదులు పెట్టుకుంది. ఉన్నా లేకపోయినా కాదనేది కాదు. భయంలో ఉన్నవాళ్ళకు ఎవరు చెయ్యందిస్తే వాళ్ళే దేవుళ్ళు.

సభ మున్సిపాలిటీ హాల్లో జరిగింది. కుర్చీలు చాలక కొందరు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. ఇళ్ళు కావాలనేవాళ్ళు ఒక పక్క, వద్దనేవాళ్ళు ఒక పక్క, మధ్యలో పెళ్ళివారి విడిదిలో అలిగినవాళ్ళ మధ్య ఉన్నట్టు ఖాళీ. పిన్ని మైకు ముందుకెళ్ళి, మొదట తడబడి, తర్వాత మాస్టారు కూలబడిన రోజు గురించి చెప్పింది. ఉన్నదున్నట్టే చెప్పింది. అవతలి పక్క కూర్చున్న ఆడవాళ్ళలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. అక్కడితో ఆగి కూర్చుంటే ఈ కథే లేదు.

కానీ ముందు వరసలో నగల షాపాయన చప్పట్లు మొదలుపెట్టాడు. చప్పట్లంటే మాటలా? జన్మలో తనకోసం ఎవరూ కొట్టని చప్పట్లు. పిన్నికి ధైర్యం వచ్చింది. భయస్తులకు ధైర్యం వస్తే హద్దు తెలియదు.

"ఇంకో మాటండీ. ఆ ఇళ్ళలోకి ఎవరొస్తారో ఎవరికి తెలుసు? ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు. వాళ్ళ పక్కనుంచే మా రోగులు నడవాలి. రేపు ఏదైనా జరిగితే ఎవరిది పూచీ? అలాంటివాళ్ళను తెచ్చి మా నెత్తిన ఎందుకు పెడతారు?"

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. అవి ఆగేసరికి అవతలి పక్క, వెనక వరసలో, ఒక మనిషి లేచి నిలబడింది. ఒంటిమీద సెంటరు యూనిఫారం. పైన స్వెట్టరు. పిన్ని ముందు స్వెట్టర్నే గుర్తుపట్టింది, దాని మోచేతి చిరుగు తనే మాటేసి ఇచ్చింది గనుక. ఆ తర్వాత మొహం చూసింది, మాస్టారికి సూదులు వేసే నర్సమ్మాయి. గుండెల్లో రాయి పడింది.

"నేనొస్తానండీ," అంది నర్సమ్మాయి. మైకు లేకపోయినా హాలంతా వినబడింది. "ఎవరొస్తారో తెలీదన్నారు కదా, అందుకని చెబుతున్నా. నేను తెల్లారకుండా బస్సెక్కి ఈ ఊరొస్తాను. చీకటిపడ్డాక ఇల్లు చేరతాను. మా పాప మేలుకుని ఉండగా నేను చూసేది సెలవురోజుల్లోనే. ఇళ్ళు కడితే మొదటి దరఖాస్తు నాదే."

పిన్నిని ఒక్కసారి చూసి కూర్చుంది.

ఆ నర్సమ్మాయి ఎవరో చెప్పకపోతే పిన్ని భయం అర్థం కాదు. మాస్టారి ఎడమచేతిలో డాక్టర్లు రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు దాన్ని. అక్కడ వేలు పెడితే లోపల రక్తం ఝుమ్మని పరిగెత్తడం తెలుస్తుంది. ఆ ఝుమ్మనడం ఉన్నంతకాలమే మాస్టారికి మిషను, మిషను ఉన్నంతకాలమే మాస్టారు. రోజూ పొద్దున లేవగానే పిన్ని కాఫీ కంటే ముందు ఆ చేతిమీద వేలు పెట్టి చూసుకుంటుంది. అందులోకి దించే సూదులు మామూలు సూదులు కావు. గోనెసంచులు కుట్టే దబ్బనాల్లాంటివి. పైగా మాస్టారి నాళం మోచేతి కింద వంకర తిరిగి ఉంది. నర్సమ్మాయి రాకముందు ఒక్కొక్కరూ పొడిచి పొడిచి ఆయన చేత కేకలు పెట్టించేవారు. ఈ అమ్మాయి వచ్చాక కథ మారింది. చేతిని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, ఏదో కూనిరాగం తీస్తూ వేలితో తడుముకుంటూ పోయేది. ఎక్కడో ఆగేది. మాస్టారు "ఎప్పుడు గుచ్చుతావు?" అని అడిగేసరికి గుచ్చేసి ఉండేది.

అంటే ఆయన ప్రాణం ఆ అమ్మాయి వేళ్ళలో ఉంది. ఆ అమ్మాయినే తను నలుగురిలో 'అలాంటివాళ్ళు' అంది. పిన్నికి ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

పొద్దున్నే మాస్టారితో చెప్పింది.

"అయితే ఏమైందట? కనబడితే తప్పైపోయిందమ్మా అను," అన్నారాయన రొట్టె నములుతూ. "ఆ పిల్ల మంచిది."

"మంచిదే. నాకూ తెలుసు. కానీ చెయ్యి మంచితనం వినదండీ."

ఇది పిన్ని సొంత సిద్ధాంతం కాదు, అత్తగారిది. కోపంగా ఉన్నప్పుడు సూది ముట్టుకోకూడదనేది ఆవిడ. మనసులో మంట ఉంటే చేతికి కన్ను పోతుందట. పిన్ని ఒకసారి మాస్టారితో పోట్లాడి వచ్చి మిషను ముందు కూర్చుంది. గుడ్డతో పాటు వేలు కూడా కుట్టేసుకుంది. సూది గోరులోంచి అవతలికి దిగింది. తనకు తనమీద కోపం లేదు కదా, అయినా దిగింది. మరి ఎదుటివాళ్ళ మీద కోపం ఉంటే? ఇంట్లో అయితే కోపం తగ్గేదాకా గుడ్డను మడిచి పక్కన పెట్టొచ్చు. మనిషిని మడిచి పక్కన పెట్టడానికి ఉందా?

తర్వాతి డయాలిసిస్ రోజున పిన్ని ఎప్పట్లాగే మాస్టారి కాళ్ళ దగ్గర స్టూలు మీద కూర్చుంది. క్షమాపణ చెబుదామని నాలుక మీదకు తెచ్చుకున్న మాట నర్సమ్మాయిని చూడగానే గొంతులోకి జారిపోయింది. నర్సమ్మాయి పలకరించింది, కానీ ముక్తసరిగా. మాస్టారి చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది, కానీ కూనిరాగం లేదు. మధ్యలో ఆగి జేబులోంచి ఫోను తీసి చూసింది, మళ్ళీ పెట్టేసింది. పిన్ని కళ్ళు ఆ వేళ్ళకు అతుక్కుపోయాయి. ఇప్పుడు ఎక్కడ నొక్కుతోంది? ఎప్పుడూ ఇంత గట్టిగా నొక్కేదా? సూది లోపలికి పోయింది. మాస్టారు అదిరిపడలేదు, ఏమీ కాలేదు. రక్తం గొట్టాల్లోకి ఎక్కింది, మిషను తిరిగింది. పట్టీ మీద మాత్రం చిన్న ఎర్రటి చుక్క కనబడింది. అలాంటి చుక్క ఎన్నిసార్లు కనబడిందో, ఏనాడూ పట్టించుకోని పిన్ని, ఆ వేళ దాన్నే చూస్తూ కూర్చుంది. చూస్తూ ఉండగా అది పెద్దదవుతున్నట్టనిపించింది. అనుమానం పట్టినవాడికి తాడు కూడా పామే.

ఇంటికి బయల్దేరేముందు, మాస్టారు చొక్కా తొడుక్కుంటుండగా, ఆయనకు చెప్పకుండా ఇన్‌చార్జి సిస్టర్ గదిలోకి వెళ్ళింది.

"ఈసారి నుంచి మాస్టారికి ఇంకెవరినైనా వేయండమ్మా."

ఇన్‌చార్జి సిస్టర్ కళ్ళజోడు తీసింది. "ఎందుకు పిన్నిగారూ? ఆ అమ్మాయి చెయ్యి మీకు బాగా కుదిరింది కదా."

"సభలో నేనేదో అన్నాను. ఆ అమ్మాయి మనసులో పెట్టుకుంది. కోపం మీద సూది పడితే…"

"కావాలని తప్పుగా గుచ్చుతుందంటారా?"

కాదు అనాలి. అది కాదమ్మా నా ఉద్దేశం అని, అత్తగారి మాటంతా విడమర్చి చెప్పాలి. కానీ చెబితే నవ్వుతారేమో, మార్చరేమో అని భయం. ఆ భయంలో పిన్ని నోట్లోంచి వచ్చింది ఇదీ:

"ఏమోనమ్మా. ఎవరి మనసులో ఏముందో."

ఇన్‌చార్జి సిస్టర్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "సరే, మారుస్తాను," అంది. "కానీ ఇది చిన్న మాట కాదు పిన్నిగారూ."

బయటికొచ్చి కారెక్కాక పిన్నికి గుండె తేలికపడింది. పాపం, ఆ తేలిక ఎల్లుండి దాకానే.

కొత్తగా వేసినాయన అనుభవం లేనివాడేం కాదు. పొడుగాటి మనిషి, నెమ్మదస్తుడు, వేరే షిఫ్టులో ఎంతోమందికి చేసినవాడు. తప్పంతా ఆయన మీదకు తోస్తే కళ్ళు పోతాయి. వచ్చీ రాగానే మాస్టారు "ఆ అమ్మాయేది?" అని అడిగారు.

"ఇవాళ్టి నుంచి నన్ను వేశారండీ."

మాస్టారు తల తిప్పి భార్య వంక చూశారు. ఆవిడ దుప్పటి సర్దుతున్నట్టు వంగింది. ఆయనకు అర్థమైపోయింది.

పొడుగాయన తడిమాడు, సూది దించాడు. రక్తం కనబడింది. సరిగ్గానే ఉందనుకుని గొట్టం కలిపి మిషను తిప్పాడు. కానీ ఆ వంకర దగ్గర సూది నాళంలోంచి అవతలి గోడ కూడా దాటేసింది. మిషను తోసిన రక్తమంతా కండలోకి పోయింది. చూస్తుండగానే చెయ్యి, పులిసిన పిండి పొంగినట్టు పొంగింది. మాస్టారు పెట్టిన కేకకు పక్క కుర్చీలో నిద్రపోతున్న రోగి లేచి కూర్చున్నాడు. పిన్నికి పై ప్రాణాలు పైనే పోయాయి. హాలు చివర ఇంకో రోగి దగ్గరున్న నర్సమ్మాయి ఇటు తిరిగి రెండడుగులు వేసి, ఎందుకో ఆగిపోయింది. ఆగిపోవడం పిన్ని చూసింది.

మిషను ఆపారు, సూది తీశారు, ఐసు పెట్టారు. డాక్టరు వచ్చి చేతిమీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. ఆయన వింటున్నంతసేపూ పిన్ని ఆయన మొహమే చూసింది.

"ఝుమ్మనడం ఉంది. కానీ సన్నగా ఉంది," అన్నాడు. "ఇవాళ ఇక ఈ చేతిని ముట్టుకోకూడదు. రేపు పొద్దున రండి. వాపుకు పైన కొద్దిగా చోటుంది, అక్కడ ఒకే ఒక్కసారి ప్రయత్నిద్దాం. అదీ తప్పిందంటే మెడలోంచి గొట్టం వేయక తప్పదు. ఈ చెయ్యి పోతే మళ్ళీ ఇంకోచోట చేద్దామన్నా ఆయన రక్తనాళాలు పనికొచ్చేలా లేవు."

"ఆ కొద్ది చోట్లో ఎవరు గుచ్చగలరండీ?" అంది పిన్ని.

డాక్టరు ఇన్‌చార్జి సిస్టర్ వైపు చూశాడు. ఆవిడ నర్సమ్మాయి ఉన్న వైపు చూసింది. పేరు ఎవరూ ఎత్తలేదు.

ఆ రాత్రి మాస్టారిని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టింది. పోవాల్సిన నీరు ఒంట్లోనే ఉండిపోయింది, పడుకుంటే ఊపిరాడదు. చెయ్యి మోచేతిదాకా నల్లగా కమిలిపోయింది. పిన్ని దానిమీద వేలు పెట్టడం, సన్నగా తగులుతున్న ఝుమ్మనడాన్ని వెతుక్కోవడం, అది తన వేలిలో కొట్టుకుంటున్న నాడేమోనని అనుమానపడి మళ్ళీ పెట్టడం. మాస్టారు ఆవిడను ఒక్క మాట కూడా అనలేదు. తిడితే బాగుండుననిపించింది.

పొద్దున వాన. మూలచోటు ఖాళీగానే ఉంది. కారు ఆపి, గొడుగు పట్టి, మాస్టారిని నడిపించుకుంటూ రోడ్డు దాటించింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నడవలోకి వెళ్ళి నర్సమ్మాయి ముందు నిలబడింది.

"అమ్మాయ్, నీ కాళ్ళు పట్టుకుంటాను. నా నోరు పడిపోను. మాస్టారి మొహం చూసి…" నిజంగానే వంగబోయింది.

నర్సమ్మాయి గబుక్కున వెనక్కి జరిగింది. "వద్దు పిన్నిగారూ! లేవండి ముందు."

"నీకు నా మీద కోపం ఉంటే నన్ను కొట్టు."

"కోపమా? సభలో మీ మాటకు బాధేసింది. ఇంటికెళ్ళేదాకా బస్సులో ఏడ్చాను కూడా. కానీ మర్నాడు పాపకు జ్వరం. మాస్టారికి సూది వేసిన రోజు మా అమ్మ ఫోను కోసం చూస్తూ ఉన్నాను. మీ మాట అసలు గుర్తే లేదు."

పిన్ని తడి గొడుగును మడిచి చంకలో పెట్టుకుంది.

"ఇప్పుడు మాత్రం నాకు భయంగా ఉందండీ," అంది నర్సమ్మాయి. "కావాలని తప్పుగా గుచ్చుతానని మీరన్నారట. ఇక్కడ అందరికీ తెలిసింది. నిన్న మాస్టారు అరిచినప్పుడు పరిగెత్తబోయాను. నేను ముట్టుకున్నాక ఇంకా ఏమైనా అయితే నామీదకే వస్తుందని కాలు ఆగిపోయింది. నాకెప్పుడూ అలా అవలేదు. రాత్రంతా అదే ఆలోచించాను. ఇవాళ సూది వెంట్రుకవాసి జరిగినా కావాలనే చేసిందంటారు. ఉద్యోగం సంగతి అలా ఉంచండి. మాస్టారి చెయ్యి నా చేతిలో పోతే, నిజంగా కావాలని చెయ్యలేదని నాకు నేనైనా ఎలా చెప్పుకోను? చూడండి."

రెండు చేతులూ చాపింది. వేళ్ళు వణుకుతున్నాయి. కళ్ళు సగం మూసుకుని కూనిరాగం తీస్తూ వంకర నాళాన్ని పట్టుకునే వేళ్ళు. ఆ వణుకును వాటిలో పెట్టింది తనే. పిన్నికి అది అద్దంలో చూసుకున్నంత స్పష్టంగా తెలిసింది. తెలిసి, ఆ చేతుల్ని పట్టుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

అప్పుడు లోపల్నుంచి మాస్టారు పిలిచారు. వాళ్ళ మాటలన్నీ ఆయనకు వినబడుతూనే ఉన్నాయి.

"నువ్వెళ్ళి కార్లో కూర్చో," అన్నారు భార్యతో.

"నేనా?"

"నువ్వే. నన్ను చూసి నువ్వు భయపడతావు. నిన్ను చూసి ఆ పిల్ల భయపడుతుంది. మీ ఇద్దర్నీ చూసి నేను. ఇంతమంది భయాల మధ్య ఆ సూది ఎక్కడికని పోతుంది? వెళ్ళు."

"మీ కాళ్ళ దగ్గర కూర్చుంటానండీ, తలెత్తను."

"వెళ్ళమన్నానా?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అంత గట్టిగా మాట్లాడింది తక్కువ. నర్సమ్మాయి ఆయన పక్కన స్టూలు మీద, రోజూ పిన్ని కూర్చునే స్టూలు మీద, కూర్చుంది. ఆ చెయ్యిని ఇంకా ముట్టుకోలేదు. తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోదానితో గట్టిగా పట్టుకుని ఉంది. పిన్ని వెనక్కి చూసుకుంటూ చూసుకుంటూ బయటికి నడిచింది.

కార్లో కూర్చుంది. వాన అద్దం మీద కొడుతోంది. వైపర్లు వేసి సెంటరు తలుపు వంకే చూసింది. ఎవరైనా పరిగెత్తుతున్నారా? డాక్టరు వస్తున్నాడా? కేక వినబడుతుందేమోనని ఆ వానలోనే అద్దం దించింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఏమీ వినబడకపోవడం మంచికో చెడుకో తెలియదు. ఎన్నాళ్ళో పోరాడి నిలబెట్టుకుందామనుకున్న చోటు ఇది. ఇంత దగ్గర్లో ఉండి కూడా లోపల ఏం జరుగుతోందో ఆవిడకు తెలియలేదు.

ఎవరో కారు పైన టకటకా కొట్టారు. తిరిగి చూస్తే నగల షాపాయన, గొడుగు కింద వెలిగిపోతున్న మొహంతో.

"గెలిచాం పిన్నీ! ఇప్పుడే ఫోనొచ్చింది. ఇళ్ళ సంగతి పక్కన పెట్టేశారు. పార్కింగు ఎక్కడికీ పోదు. అంతా నీ చలవే. నీ మాటలకు ఆ రోజు అందరూ కదిలిపోయారు, తెలుసా?"

పిన్ని ఆయన భుజం మీదుగా తలుపు వంక చూస్తూనే ఉంది.

"ఏంటి, పలకవు? ఈ మూల చోటు ఇక నీదే అనుకో! వేరేవాళ్ళు పెట్టకుండా మా వాచ్‌మన్‌కి చెప్పిస్తాను."

"కాస్త పక్కకు జరుగు బాబూ," అంది పిన్ని. "తలుపు కనబడటం లేదు."

ఆయన తెల్లబోయి, ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళిన కాసేపటికి తలుపు తెరుచుకుంది. నర్సమ్మాయి బయటికొచ్చింది. పరిగెత్తడం లేదు. మొహం మాత్రం పాలిపోయి ఉంది. రోడ్డుకు అటూ ఇటూ చూసి, గొడుగు విప్పి, దాటుకుంటూ కారు దగ్గరికి వచ్చింది. ఆ రోడ్డు అంత వెడల్పని పిన్నికి అంతకుముందు తెలియదు.

"ఎక్కింది పిన్నిగారూ. ఒక్కసారికే ఎక్కింది. మిషను తిరుగుతోంది."

పిన్ని స్టీరింగు మీదకు వాలిపోయి భోరుమంది. నర్సమ్మాయి ఏడవనిచ్చింది. ఓదార్చలేదు, వెళ్ళిపోనూ లేదు.

"లోపలికి రానా?" అంది పిన్ని కాసేపటికి, ముక్కు తుడుచుకుంటూ.

"ఇవాళ్టికి వద్దులెండి. అయ్యాక నేనే తీసుకొస్తాను. మీరు ఇక్కడే ఉండండి. ఆయన వచ్చేసరికి బండి దగ్గర్లో ఉండాలి కదా." అందులో ఎత్తిపొడుపేమీ లేదు. సభలో తను చెప్పిన మాటనే ఆ అమ్మాయి నిజమని నమ్మి చెబుతోంది.

"అమ్మాయ్, ఇకనుంచి నువ్వే చెయ్యాలి. ఇన్‌చార్జి సిస్టర్‌కి నేను చెబుతాను. అందరి ముందూ చెబుతాను, తప్పు నాదేనని."

నర్సమ్మాయి గొడుగు కర్ర రెండు చేతులతో పట్టుకుంది.

"ఈ నెలాఖరుదాకా నేనే చేస్తాను పిన్నిగారూ. ఆ తర్వాత మా ఊరి ఆస్పత్రిలో చేరిపోతున్నాను. వాళ్ళు ఎప్పట్నుంచో రమ్మంటున్నారు. ఇక్కడ ఇల్లొస్తుందేమోనని ఇన్నాళ్ళూ ఓపిక పట్టాను. ఇందాకే ఫోనొచ్చింది, ఇళ్ళు కట్టరట."

"మా ఇంట్లో ఉందువు గాని," అంది పిన్ని గబగబా. "ముందు గది ఖాళీ చేసేస్తాను. మిషను వంటింట్లో పెట్టుకుంటాను. నాకెంత చోటు కావాలి? అద్దె కూడా వద్దు."

"మేం నలుగురమండీ. అమ్మకు మంచం కావాలి, పాపకు బడి కావాలి." నర్సమ్మాయి నవ్వబోయింది, రాలేదు. "ఆయన ఒక్కరే ఉన్నారు లోపల, వెళ్తాను."

మళ్ళీ రోడ్డు దాటింది. తలుపు మూసుకుంది. నెలాఖరు ఎంతో దూరంలో లేదు. ఆ తర్వాత ఆ నల్లబడిన చేతిమీద, మిగిలిన ఆ కాస్త చోట్లో, ఎవరి వేళ్ళు తడుముతాయో పిన్నికి తెలియదు. ఈ చోటు పోతుందని నిద్రపోని రోజుల్లో కూడా ఆవిడ ఇంత భయపడలేదు. అప్పుడు అడ్డం పడి ఆపడానికి ఏదో ఒకటి ఉండేది, ఇప్పుడు అదీ లేదు.